నీలం కేబులు

మా గరాజ్‌లో ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. చాలామంది ఇళ్ళల్లో అలాంటి డబ్బా మూత తీస్తే సూదులు, దారాలు, ఊడిపోయిన గుండీలు కనిపిస్తాయి. మా డబ్బాలో మాత్రం వైర్లు.

మావారికి ఏడాదికోసారి గరాజ్ సర్దే ఉత్సాహం వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ డబ్బాలోంచి లేత నీలం రంగులో, రిబ్బనులా చదునుగా ఉండే ఒక కేబుల్ని పైకెత్తి చూపించి, "ఇది ఇంకా ఎందుకు?" అంటారు. "ఉండనివ్వండి" అంటాను. 2010లో హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు ఆవకాయ సీసాకీ గోంగూర పచ్చడికీ మధ్య చుట్టిపెట్టి తెచ్చుకున్న కేబుల్ అది. సీసా పగలకుండా ఉండడానికి తప్ప ఆ తరవాత చాలా ఏళ్ళు అది దేనికీ పనికిరాలేదు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు.

పెళ్ళికి ముందు, 2005 నుంచి 2009 దాకా, నేను గచ్చిబౌలిలో నెట్‌వర్క్ సపోర్ట్‌లో పనిచేశాను. ఎక్కడో ఏ దేశంలోనో ఆఫీసుల్లో స్విచ్‌లు, రౌటర్లు మొరాయిస్తే రాత్రి పూట కూర్చుని సరిచేయడం మా పని. మా అమ్మకి ఈ ఉద్యోగం ఎప్పుడూ అర్థం కాలేదు. "స్విచ్చి పాడైతే ఎలక్ట్రీషియన్ని పిలుచుకోక, ఇంత రాత్రి నిన్నెందుకే లేపుతారు?" అనేది. ఆ స్విచ్చి వేరమ్మా, పది కంప్యూటర్లని కలిపే పెట్టె అని ఎన్నిసార్లు చెప్పినా, చుట్టాలతో మాత్రం "మా అమ్మాయి కరెంటు డిపార్టుమెంటు" అనే చెప్పుకునేది.

తరవాత కథ మీలో చాలామందికి తెలిసినదే. హెచ్4 వీసా. పని చెయ్యకూడదు. 2015 మే 26న రూల్ మారి, గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వచ్చిన వాళ్ళ భార్యలకి పని చేసుకునే అనుమతి ఇస్తామన్నారు. నాకా కార్డు చేతికొచ్చేసరికి 2016, అప్పటికి రెండో పిల్ల కడుపులో ఉంది. దాన్ని బడిలో వేశాక ఇంటర్వ్యూలకి వెళ్ళడం మొదలుపెట్టాను. అన్నిచోట్లా ఒకటే ప్రశ్న, "ఈ పదేళ్ళూ ఏం చేశారు?" వాళ్ళు అడిగే క్లౌడ్ పేర్లేవీ నాకు రావు. నాకు వచ్చినవి వాళ్ళకి అక్కర్లేదు. మర్యాదగా నవ్వి, ఫోన్ చేస్తామనేవారు.

2021లో ఎట్టకేలకు ఒక కాంట్రాక్ట్ దొరికింది. మా బాతెల్‌లోనే, కేన్యన్ పార్క్ వైపు, చిన్న ల్యాబ్ కంపెనీ. నెట్‌వర్క్ చూసుకునేది ఇద్దరమే. నేనూ, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడే ఎంఎస్ చేసిన పాతికేళ్ళ కుర్రాడూ. నన్ను మొదటి రోజునుంచీ అక్కా అనే పిలిచాడు. కాంట్రాక్ట్ ఆర్నెల్లకోసారి పొడిగిస్తుంటారు. పొడిగించే ముందు నెల్లో నాకు సరిగా నిద్ర పట్టదు.

ఇక అసలు సంగతికి వస్తాను. 2022 నవంబరు. కార్తీక సోమవారం. ఉపవాసం ఉండి, చుక్కని చూశాకే భోజనం అనుకున్నాను. ఇంటినుంచే పని. మూడున్నరకి వరంగల్ తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, కోల్డ్ రూమ్ టెంపరేచర్ స్క్రీన్ మీద కనబడ్తలేదు. పొద్దున సెన్సార్ పెట్టె పాడైతే కొత్తది పెట్టిన్రంట. గప్పట్నుంచి గిట్లనే ఉన్నది."

ఆ గదిలో ఉన్నది ఐస్‌క్రీమ్ కాదు. రెండేళ్ళుగా జనం కష్టపడి పోగు చేసిన శాంపిళ్ళు. గది చల్లగానే ఉంది, పాడైంది లెక్క చెప్పే దారి మాత్రమే. కానీ రాత్రి ఏ రెండింటికో మోటారు ఆగిపోతే ఎవరికీ తెలియదు. అందుకని ఒక మనిషిని గంటకోసారి వెళ్ళి థర్మామీటరు చూసి కాగితం మీద రాయమన్నారు. ఆ అమ్మాయి డ్యూటీ ఎనిమిదింటికి అయిపోతుంది. అంటే నాకు ఎనిమిదింటిదాకా టైముంది.

ఆ సెన్సార్ పెట్టె వెళ్ళి తగులుకునేది వెనక గదిలో ఉన్న పాత స్విచ్‌కి. మిగతా స్విచ్‌లన్నీ మార్చేసినా ఆ ఒక్కటీ అలా మిగిలిపోయింది. పదిహేనేళ్ళ వయసు ఉంటుంది. అది ఎప్పుడూ ఏ గొడవా చెయ్యలేదు కాబట్టి దాని సంగతి ఎవరికీ గుర్తులేదు. ఏమై ఉంటుందో నాకు ఫోన్‌లోనే తట్టింది. అలాంటి స్విచ్‌లకి పోర్టు సెక్యూరిటీ అని ఒక కాపలా పెట్టొచ్చు. ఈ తలుపు దగ్గరికి ఈ ముఖమే రావాలి అని నేర్పిస్తే, కొత్త ముఖం కనిపించగానే తలుపు మూసేస్తుంది. పెట్టె మారింది, కొత్త ముఖం వచ్చింది, స్విచ్ దాని పని అది చేసింది. లాగిన్ అయి, ఇది మనవాళ్ళ పెట్టే అని చెప్పి, తలుపు తీస్తే సరి. రెండు నిమిషాల పని.

లాగిన్ అవబోయాను. అవలేదు.

పోయిన వారం దాకా నా పాత లాప్‌టాప్‌తో ఆ స్విచ్‌లోకి హాయిగా వెళ్ళేదాన్ని. ఆ వారమే కొత్త లాప్‌టాప్ ఇచ్చి, పాతది తీసేసుకున్నారు. ఇప్పుడు కొత్తది ఒక్క ముక్క చెప్పి చేతులు దులుపుకుంది. ఇద్దరికీ కుదిరే కీ ఎక్స్‌ఛేంజ్ పద్ధతి ఏదీ లేదట. పక్కనే, అవతలివాళ్ళు ఇస్తామంటున్నది ఇదీ, అంటూ ఒక పాత పద్ధతి పేరు. డిఫీ-హెల్మన్ గ్రూప్ 1, షా-1.

ఆ వాక్యం చూసి నేను కాసేపు అలాగే కూర్చున్నాను. ఇంటర్వ్యూలలో నాకు చెప్పిందీ సరిగ్గా ఇదే కదా, ఇంత సూటిగా చెప్పలేదు గానీ.

ఈ పని తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్ళడానికి ఒకప్పుడు టెల్నెట్ వాడేవారు. అందులో మనం కొట్టిన పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టు వెళ్తుంది. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో అలాగే కూర్చుని పాస్‌వర్డ్‌లు పోగు చేశారు. అక్కడే పనిచేసే తాతు యులోనెన్ అనే ఆయనకి ఒళ్ళు మండి, కవరులో పెట్టి సీలు వేసి పంపే పద్ధతి ఒకటి తయారు చేశాడు. అదే ఎస్ఎస్‌హెచ్. ఫైళ్ళు పంపే పాత పద్ధతిది 21వ నంబరు తలుపు, టెల్నెట్‌ది 23. ఈ రెండింటినీ ఇంటికి పంపించడానికి వచ్చిన ఎస్ఎస్‌హెచ్, మధ్యలో ఖాళీగా ఉన్న 22లో చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మరి సీలు తాళంచెవిని ఇద్దరూ ఎలా ఒప్పుకుంటారు? ముందెప్పుడూ కలవని ఇద్దరు, నలుగురూ వింటుండగా గట్టిగా మాట్లాడుకుంటూనే, ఇద్దరికే తెలిసిన రహస్యం ఒకటి తయారు చేసుకోవాలి. దీనికి దారి 1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు చూపించారు. మా పెద్దమ్మాయికి నేను ముగ్గు రంగులతో చెప్పాను. ఎదురెదురు ఇళ్ళ ఇద్దరూ వీధిలో అందరూ చూస్తుండగా ఒకే పసుపు రంగు తీసుకుంటారు. ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళి, ఎవరి రహస్యపు రంగు వాళ్ళు అందులో కలుపుతారు. ఆ కలిపిన గిన్నెలు వీధిలో మార్చుకుంటారు. మళ్ళీ లోపలికి వెళ్ళి, అవతలివాళ్ళ గిన్నెలో తమ రంగు కలుపుతారు. ఇద్దరి దగ్గరా ఇప్పుడు ఒకే రంగు. వీధిలో నిలబడి చూసినవాళ్ళకి గిన్నెలు కనిపించాయి గానీ, కలిసిన రంగుల్ని విడదీయడం వాళ్ళ తరం కాదు.

పాత గ్రూప్ 1తో చిక్కేమిటంటే, ఆ మొదటి పసుపు డబ్బా చిన్నది, పైగా ప్రపంచమంతా అదే డబ్బా వాడింది. ఇప్పటి కంప్యూటర్లతో పెద్ద ప్రభుత్వం ఎవరైనా పూనుకుంటే, ఆ ఒక్క డబ్బా మీద ఒక్కసారి లెక్క కట్టిపెట్టుకుని, ఆ తరవాత ఎవరి గిన్నెలనైనా విడదీయగలరని 2015 మేలో పరిశోధకులు హెచ్చరించారు. ఆ ఆగస్టులో ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ అనే, మనందరి మెషీన్లలో ఉండే ప్రోగ్రామ్ 7.0 వెర్షన్ గ్రూప్ 1ని మామూలుగా వాడడం మానేసింది. 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు, గూగుల్ వాళ్ళు కలిసి, వేరువేరుగా ఉన్న రెండు ఫైళ్ళకి ఒకే షా-1 వేలిముద్ర వచ్చేలా చేసి చూపించారు. 2021 సెప్టెంబరులో 8.8 వెర్షన్ షా-1 మీద ఆధారపడిన ఆర్ఎస్ఏ సంతకాలని కూడా పక్కన పెట్టింది. నా కొత్త లాప్‌టాప్‌లో దానికన్నా కొత్త వెర్షన్ ఉంది. స్విచ్ మాత్రం తనకి నేర్పిన భాషే మాట్లాడుతోంది. ఇందులో ఎవరిదీ తప్పు కాదు. నాకు పని అనుమతి వచ్చేలా రూల్ మారిన ఏడాదే, నాకు తెలిసిన పద్ధతులు పాతబడ్డాయన్నది మాత్రం అప్పుడే గమనించాను.

తమ్ముడు నెట్‌లో వెతికి ఒక ఉపాయం పంపాడు. "అక్కా, ఈ నాలుగు లైన్లు కాన్ఫిగ్ ఫైల్‌ల పెడితే అయిపోతది."

చూశాను. పద్ధతులు సరైనవే. కానీ పైన, అన్ని మెషీన్లకీ ఇదే వర్తిస్తుంది అని చెప్పే చుక్క గుర్తు ఉంది. అంటే ఒక్క ముసలి స్విచ్ కోసం, నా లాప్‌టాప్ ఇకనుంచి ప్రపంచంలో ఎవరితోనైనా పాత భాష మాట్లాడడానికి సిద్ధమన్నమాట. మధ్యలో కూర్చున్న దొంగ ఎవరైనా కొత్త మెషీన్‌లాగా నటిస్తూ, నాకు పాత భాషే వచ్చు అంటే నమ్మేస్తుంది. ఇంట్లో తాతగారికి చెవుడని ఊరందరితో గట్టిగా అరిచి మాట్లాడం కదా. తాతగారితోనే గట్టిగా మాట్లాడతాం.

అందుకని చుక్క తీసేసి, ఆ స్విచ్ అడ్రసు ఒక్కటే రాశాను. దాని కింద, ఉన్న పద్ధతులకి ఇదొకటి కలుపు అని చెప్పే కూడిక గుర్తుతో గ్రూప్ 1. ఆ గుర్తు మర్చిపోతే ఉన్న మంచివన్నీ పోయి ఇదొక్కటే మిగులుతుంది, జాగ్రత్త. మళ్ళీ ప్రయత్నించాను. ఈసారి కొత్త ఫిర్యాదు, స్విచ్ తన గుర్తింపు చూపించే కీ రకం నచ్చలేదని. ఆర్ఎస్ఏ కలిపాను. తరవాత, సీలు వేసే సైఫర్ కుదరలేదని. పాత సీబీసీ రకం కలిపాను. మీకెప్పుడైనా ఇది ఎదురైతే కంగారు పడకండి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి రావడం అంటే వెనక్కి వెళ్ళడం కాదు, గుమ్మాలు ఒక్కొక్కటే దాటడం. ప్రతి ఫిర్యాదులోనూ అవతలివాళ్ళ దగ్గర ఏముందో అదే చెప్తుంది. చదివితే చాలు.

నాలుగో గుమ్మం దగ్గర ఆగిపోయాను. కీ పొడుగు చెల్లదంది.

ఆ మాటతో నాకు గచ్చిబౌలి గుర్తొచ్చింది. ఆ కాలపు స్విచ్‌లలో కీ తయారు చేసేటప్పుడు, ఎన్ని బిట్లు కావాలి అని అడిగి, పక్కన బ్రాకెట్లో 512 అని చూపించేది. అర్ధరాత్రి నిద్రమొహాలతో ఎంటర్ కొట్టేసేవాళ్ళం. కొంచెం శ్రద్ధ ఉన్నవాళ్ళు, కొత్త వెర్షన్‌కి కనీసం కావాలి కాబట్టి 768 ఇచ్చేవారు. ఇక్కడ కూడా ఎవరో, ఎప్పుడో అదే చేసి ఉంటారు. ఇప్పటి ఎస్ఎస్‌హెచ్ 1024 కన్నా తక్కువ ఉన్న ఆర్ఎస్ఏ కీని ఏ ఆప్షన్ ఇచ్చినా ఒప్పుకోదు. దూరం నుంచి ఇక దారి లేదు.

"కరెంట్ తీసి పెడదామా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"వద్దు. పదిహేనేళ్ళుగా ఆగకుండా తిరుగుతున్నది ఒకసారి ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. లేచినా, నేర్చుకున్న ముఖాన్ని దాచుకుని ఉంటే తలుపు మూసే ఉంచుతుంది. నువ్వక్కడే ఉండు, నేనొస్తున్నా."

గరాజ్‌లోకి వెళ్ళి రేకు డబ్బా మూత తీశాను. మావారు వంటింట్లోంచి చూసి, "దానికి రోజు వచ్చిందా?" అన్నారు. ఆ కేబుల్‌కి ఒక చివర ఫోన్ జాక్‌లాంటిది, ఇంకో చివర తొమ్మిది రంధ్రాల సీరియల్ ప్లగ్గు. ఇప్పటి లాప్‌టాప్‌లకి ఆ ప్లగ్గు పట్టే చోటు ఉండదు. దాన్ని యూఎస్‌బీగా మార్చే ముక్క కూడా అదే డబ్బాలో దొరికింది. ఎప్పుడు కొన్నానో, ఏ ఆశతో కొన్నానో గుర్తులేదు.

బయటికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. నవంబరులో మాకు అప్పటికే పొద్దు వాలిపోతుంది. బాతెల్‌లో ఉన్నవాళ్ళకి ఆ వేళ తెలుసు. కాకుల వేళ. నార్త్ క్రీక్ పక్కన, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ బాతెల్ క్యాంపస్‌లో బాగుచేసిన చిత్తడి నేల ఉంది. చలికాలం సాయంత్రాలు చుట్టుపక్కల ఊళ్ళన్నిటినుంచీ కాకులు అక్కడికి చేరతాయి. పది వేలకి పైనే. ఆకాశం మీద ఎవరో నువ్వులు చల్లినట్టుంటుంది. అదే యూనివర్సిటీ సియాటెల్ క్యాంపస్‌లో జాన్ మార్జ్‌లఫ్ అనే ప్రొఫెసర్ 2006లో ఒక మాస్కు పెట్టుకుని కొన్ని కాకుల్ని పట్టి వదిలారు. ఆ తరవాత ఏళ్ళ తరబడి ఆ మాస్కు కనిపిస్తే చాలు, కాకులు అరిచి గోల చేసేవి. అప్పటికి పుట్టని పిల్లకాకులు కూడా పెద్దవాటిని చూసి నేర్చుకున్నాయి. కాకి మనల్ని గుర్తుపడుతుందని మన నాన్నమ్మలకి ఎవరూ మాస్కు పెట్టి చెప్పనక్కర్లేదనుకోండి.

వెనక గదిలో పాత స్విచ్ ఫ్యాను పెద్దగా మోగుతోంది. నీలం కేబుల్ వెనక పెట్టాను. వేగం 9600. ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. చూడకుండానే వేళ్ళు కొట్టేశాయి. స్క్రీన్ నల్లగా ఉంది. ఎంటర్ కొట్టాను. ఏమీ లేదు. తమ్ముడు నా మొహం చూశాడు. ఇంకోసారి కొట్టాను.

స్విచ్ తన పేరు చెప్పి, పాస్‌వర్డ్ అడిగింది.

పోర్టు సంగతి నేననుకున్నదే. పాత ముఖాన్ని మరిపించి, కొత్తదాన్ని పరిచయం చేసి, పోర్టును మూసి తెరిచాను. అరనిమిషంలో కోల్డ్ రూమ్ లెక్క స్క్రీన్ మీదికి వచ్చింది. థర్మామీటరు పట్టుకుని తిరుగుతున్న అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చి రెండు చేతులూ పైకెత్తింది.

అక్కడితో ఇంటికి వచ్చేయొచ్చు. తమ్ముడికైతే ఇంకో ఆలోచన వచ్చింది. "అక్కా, ఎట్లాగూ లోపలికి పోయినవ్ గదా, టెల్నెట్ ఆన్ చేసెయ్. ఇగ ఎప్పుడూ ఈ లొల్లి ఉండదు."

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం చెయ్యి అటే వెళ్ళింది. ఆకలేస్తోంది. ఇంట్లో పిల్లలున్నారు. కాంట్రాక్ట్ గడువు ఇంకో నెలన్నర. రేపు పొద్దున స్విచ్‌లోకి సులువుగా వెళ్ళగలిగితే అందరూ సంతోషిస్తారు, ఎలా అని ఎవరూ అడగరు. కానీ అడిగే రోజు వస్తే, ఆ లైను ఎప్పుడు ఎవరు పెట్టారో రికార్డులో ఉంటుంది. పదేళ్ళ ఖాళీ తరవాత వచ్చినవాళ్ళకి రెండో తప్పు చేసే అవకాశం ఇవ్వరు. దానికన్నా ముందు సంగతి, అది తప్పని నాకు తెలుసు. పోస్టుకార్డు మీద పాస్‌వర్డ్ రాసి పంపడం మానడానికే కదా 1995 నుంచీ ఇంత తతంగం.

"వద్దు తమ్ముడూ. ఇంకో పది నిమిషాలు కూర్చో."

పాత కీ తీసేసి కొత్తది 2048 బిట్లతో చెయ్యమన్నాను. ముసలి ప్రాసెసర్ పాపం, చాలాసేపు ఆలోచించింది. చుక్కలు ఒక్కొక్కటే వస్తుంటే, పెద్దావిడ పోపులడబ్బా మూత తిప్పుతున్నట్టుంది. అయ్యాక లాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో ప్రయత్నించాను. లోపలికి వెళ్ళింది. గ్రూప్ 1, పాత సంతకం, సీబీసీ సైఫర్ మినహాయింపులు అలాగే ఉన్నాయి, అవి స్విచ్ సాఫ్ట్‌వేర్ మారితే తప్ప పోవు. ఆ మోడల్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ రావడం ఎప్పుడో ఆగిపోయింది. కాబట్టి ఇంకో రెండు పనులు చేశాం. స్విచ్‌లోకి ఏ అడ్రసు నుంచైనా రానిచ్చే వీలు తీసేసి, మేమిద్దరం ముందు లాగిన్ అయ్యే ఒక్క సర్వర్ నుంచి మాత్రమే రానిచ్చాం. మినహాయింపు లైన్లని నా లాప్‌టాప్‌లోంచి తీసి, ఆ సర్వర్‌లోనే పెట్టాం. పైన ఒక వాక్యం కూడా రాశాను, ఇది ఎందుకు పెట్టామో, ఎప్పుడు పెట్టామో, ఏది మారితే తీసెయ్యాలో. ఈ చివరి వాక్యం రాయకపోతే మినహాయింపులు చుట్టాల్లా వచ్చి అద్దెకున్నవాళ్ళలా స్థిరపడిపోతాయి.

బయటికి వచ్చేసరికి ఏడైంది. పార్కింగ్ లాట్ దీపాల వెలుగులో చుక్క ఏదో, విమానం ఏదో తెలియలేదు. దేవుడు సర్దుకుంటాడులే అని కార్లోనే అరటిపండు ఒలిచాను.

మర్నాడు పొద్దున్నే తమ్ముడి ఫోన్, గాభరాగా. "అక్కా, స్విచ్ గుర్తింపు మారిందట, ఎవరో మధ్యల ఉండొచ్చట, పెద్దక్షరాలల్ల వస్తున్నది!" రావాలి మరి. కీ మార్చాం కాబట్టి, అంతకుముందు ఆ స్విచ్‌ని చూసిన మెషీన్లన్నీ, ఇది మేమెరిగిన ముఖం కాదు అని అరుస్తాయి. అరవడమే వాటి పని. ముందు రోజు రాత్రి కొత్త కీ వేలిముద్ర కాగితం మీద రాసిపెట్టాను. అది చదివి, స్క్రీన్ మీద ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చి చూడమన్నాను. సరిపోయాకే పాతదాన్ని తీసేయమన్నాను. చూడకుండా ఎస్ అని కొట్టే అలవాటు చేసుకోవద్దని చెప్తే, "సరే అక్కా, కాకి లెక్క" అన్నాడు. రాత్రి కాకుల కథ వాడికీ చెప్పాను మరి.

మేనేజరుకి ఒక పేజీ మెయిల్ రాశాను. ఏమైంది, ఏం చేశాం, ఇంకా ఏం ప్రమాదం మిగిలి ఉంది, స్విచ్ మార్చడానికి ఎంతవుతుంది. ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, "ఇది నీకెలా తెలుసు?" అంది. గచ్చిబౌలి నైట్ షిఫ్టుల గురించి చెప్పాను. ఆ ఆఫీసులో చేరి ఏడాది దాటాక, ఖాళీకి ముందు నేనేం చేశానో ఒకరు అడగడం అదే మొదటిసారి. కాంట్రాక్ట్ పొడిగించారు. దీని వల్లే అని చెప్పను, అంతకుముందూ పొడిగించారు కదా. కానీ ఆ నెల నిద్ర పట్టింది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మనలో చాలామంది మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలనుకుంటూ, మాకొచ్చినవన్నీ పాతబడ్డాయని వెనక్కి తగ్గుతున్నారు. పాతబడ్డ మాట నిజమే, దాచుకోనక్కర్లేదు. గ్రూప్ 1ని పక్కన పెట్టడం సరైన పనే. నేనూ కొత్తవి నేర్చుకుంటూనే ఉన్నాను, రాత్రి పిల్లలు పడుకున్నాక. కానీ ఈ ఊళ్ళల్లో, ఈ ఆఫీసుల వెనక గదుల్లో పాత పెట్టెలు ఇంకా చాలా తిరుగుతున్నాయి. వాటితో ఎలా మాట్లాడాలో తెలిసినవాళ్ళు, ఎక్కడ ఆగాలో కూడా తెలిసినవాళ్ళు కావాలి. ఆ రెండోది పదేళ్ళు ఇంట్లో ఉన్నంత మాత్రాన పోలేదు. ఇల్లు నడిపితే ఇంకాస్త వస్తుందేమో కూడా.

2023 ఏప్రిల్‌లో కొత్త స్విచ్ వచ్చింది. కోల్డ్ రూమ్ దాని మీదికి మార్చాక, పాతదాని కరెంటు వైరు నేనే తీశాను. ఫ్యాను నెమ్మదించి ఆగిపోయాక ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉందో ఇద్దరం గమనించాం. అదే రోజు సర్వర్‌లో ఆ మినహాయింపు లైన్లన్నీ చెరిపేశాను, పైన రాసిన వాక్యంతో సహా.

"అక్కా, నాక్కూడా ఒక నీలం కేబుల్ కావాలె. ఏడ దొరుకుతది?" అన్నాడు తమ్ముడు.

ఇప్పుడు నేరుగా యూఎస్‌బీతోనే వస్తున్నాయి, ఆర్డర్ పెట్టుకో అన్నాను. నాది చుట్టి బ్యాగులో వేసుకున్నాను. ఆ వారాంతం మావారు గరాజ్ సర్దారు. రేకు డబ్బా మూత తీసి, కేబుల్‌కి ఒక రబ్బరు బ్యాండు వేసి, ఏమీ అడక్కుండా మళ్ళీ లోపల పెట్టేశారు.